కుంజ్రూ కలిపిన దళాలు

పండిట్ హృదయనాథ్ కుంజ్రూను మన పాఠకులు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘ సభ్యునిగానే ఎరుగుదురు. తెలంగాణ ప్రత్యేకంగా ఉండాలని, 1961 ప్రాంతపు ఎన్నికల అనంతరం శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితేనే ఆంధ్రతో కలపాలని 1955లో ఆ సంఘం సూచించింది. ఢిల్లీలో స్కౌట్ల జాతీయ కార్యాలయం ముందునుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఆయన పాలుపంచుకొన్న మరో విలీనం గుర్తుకు వస్తుంది.

1887లో జన్మించిన కుంజ్రూ, గోఖలే స్థాపించిన భారత సేవక సమాజంలో 1909లో చేరారు. ఆ యేడే మన దేశానికి వచ్చిన స్కౌటు ఉద్యమంలో తొలుత భారతీయ బాలురకు చోటు లేదు. అందుకే మాలవ్యా, కుంజ్రూ ప్రభృతులు అలహాబాదులో సేవాసమితి స్కౌటు సంఘాన్ని నిలబెట్టారు. 1950 నవంబరు 7న పోటీ సంఘాలు ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడగా, తొలి జాతీయ కమిషనర్ ఆయనే.

కాగితం మీద సంఘాలను కలపడం తేలిక. వేర్వేరు సంఘాలలో తరిఫీదైన, జీతం లేని స్కౌటు మాస్టర్లను ఒక్క బాటన నడపడమే కష్టం. దానికి శిక్షణ ఒక్కటే మార్గం. 1956లో పచ్మఢీలో జాతీయ శిక్షణ కేంద్రం వెలసింది. పెద్దలు సైతం గుడారాలలో బసచేసి, నేర్చినదాన్ని తమ దళంలో ఆచరించి చూపిన పిదపనే హిమాలయ వుడ్ బ్యాడ్జికి అర్హులవుతారు.

గణతంత్రంలో బిరుదులు తగవని నమ్మిన కుంజ్రూ 1968లో భారతరత్నను నిరాకరించారు. 1978లో కన్నుమూశారు. ఆదివారాలను బాలురకు ధారపోసే ఉపాధ్యాయులు కూడా బిరుదులు అడగరు. శిక్షణకు సెలవు, దారిఖర్చు, పై అధికారుల ఆదరణ చాలు. అవైనా సమకూర్చకుండా యువతకు క్రమశిక్షణ లేదని వాపోవడం పాలకులకు తగదని నా అభిప్రాయం.