కల్నల్ మెకంజీ నాణేలు

మన ఎడ్లపాడు మండలంలోని కొండవీడు కోటకు మీ పిల్లలను ఒకసారైనా తీసుకెళ్లే ఉంటారు. అక్కడ దాదాపు వందేళ్లు ఏలిన రెడ్డిరాజుల రాజ్యం ఇప్పుడు ఏ పటంలోనూ లేదు. అలా మాసిపోయిన దక్షిణాది రాజ్యాల గుర్తులను ఏరి దాచినవారు కాలిన్ మెకంజీ.

ఆయన 1754లో స్కాట్లండ్‌కు చెందిన లూయిస్ దీవిలో పుట్టారు. 1783లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చారు. 1815లో దేశమంతటికీ సర్వేయర్ జనరల్ అయ్యారు. కొలతల కోసం తిరిగిన ఊళ్లలోనే శాసనాలు, కవిలెలు, నాణేలు పోగుచేశారు. ఒక్క నాణేలే 6,218!

అయితే ఆయనకు తెలుగు రాదు. నాణెం మీద వరాహం బొమ్మ ఉందని ఎవరైనా చూడగలరు (వరహా అన్న పేరు దాన్నుంచి వచ్చిందే). అది ఏ రాజుదో, ఆ రాజు కథేమిటో చెప్పడానికి ఇక్కడి మనిషి కావాలి. ఆ మనిషి ఏలూరు యువకుడు కావలి వెంకట బొర్రయ్య. కరణాలతో, పూజారులతో కూర్చుని ఊరి చరిత్రలు చెప్పించుకుని రాశారు. 1803లో, ముప్పై నిండకుండానే పోయారు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నారు.

మీ పిల్లలకూ నాణేల డబ్బా ఉంటే, ఏది ఎవరిచ్చారో, ఎక్కడ దొరికిందో చీటీ రాయించండి.

1821లో మెకంజీ చనిపోయాక, ఆయన సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. పని కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే, భారతీయుడి వల్ల అంతటి పని కాదని కలకత్తాలో తోసిపుచ్చారు. అన్న పోయిన నాటినుంచీ ఆయన చేస్తూ వచ్చిన పనే అది.