బాలయోగి గారు - కైకలూరు చెరువుగట్టు

సెలవులొస్తే అమలాపురం వైపు వెళ్ళే మన హాస్టల్ వాళ్ళను ఎల్బీనగర్ దాకా వెళ్ళి బస్సెక్కించి రావడం మాకు అలవాటు. కోనసీమ అనగానే మాకు జి.ఎం.సి. బాలయోగి గారు గుర్తుకొస్తారు. ఆయన ఎలా పోయారని అడిగితే హెలికాప్టర్ ప్రమాదం అని ఒక్క మాటతో సరిపెడతాం. ఈసారి ఆ మాట దగ్గర కాస్త ఆగుదామనుకున్నాం.

గంటి మోహన చంద్ర బాలయోగి గారు 1951 అక్టోబరు 1న తూర్పు గోదావరి జిల్లా యెదుర్లంకలో పుట్టారు. దళిత కుటుంబం, గోదావరి పాయల మధ్య లంక గ్రామం. కాకినాడలో డిగ్రీ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పై చదువులు. 1980లో కాకినాడలో వకీలుగా ప్రాక్టీసు పెట్టారు. 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చింది. మనమైతే అక్కడే స్థిరపడిపోయేవాళ్ళం! ఆయన కొద్దికాలానికే రాజీనామా చేసి, 1987లో జిల్లా పరిషత్ అధ్యక్షులయ్యారు. 1991లో అమలాపురం నుంచి ఎంపీగా గెలిచారు, 1996లో ఓడిపోయారు. తర్వాత ముమ్మిడివరం ఎమ్మెల్యేగా గెలిచి రాష్ట్రంలో ఉన్నత విద్యాశాఖ మంత్రిగా పనిచేశారు.

1998 మార్చి 24న లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. అప్పటికి వయసు 46. మరుసటి ఏడాది ఏప్రిల్ 17న విశ్వాస పరీక్ష వచ్చింది. గిరిధర్ గమాంగ్ ఒరిస్సా ముఖ్యమంత్రి అయినా ఇంకా ఎంపీగానే ఉన్నారు. ఆయన ఓటెయ్యవచ్చా అని సభలో గొడవ. బాలయోగి గారు ఆ సంగతి గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు. తన పార్టీ మద్దతిస్తున్న వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఎన్నికల తర్వాత సభ మళ్ళీ ఆయననే స్పీకర్‌గా ఎన్నుకుంది.

2002 మార్చి 3 ఉదయం భీమవరం నుంచి బెల్ 206 హెలికాప్టర్‌లో బయలుదేరారు. వాతావరణం మసకగా ఉంది. కైకలూరు దగ్గర పైలట్ కిందికి దించబోయారు. చేపల చెరువును గట్టినేల అనుకున్నారని, కొబ్బరిచెట్లు కనిపించలేదని, రెక్క చెట్టుకు తగిలి హెలికాప్టర్ చెరువుగట్టున కూలిందని అప్పటి వార్తలు. బాలయోగి గారు, అంగరక్షకుడు, పైలట్ ముగ్గురూ మరణించారు. ఆయనకు 50 ఏళ్ళు.

పైలట్ పొరపాటు అంటే కథ అయిపోతుందా? కొల్లేటి పక్క ఊళ్ళ మిత్రులను అడిగాం. గాలి లేని పొద్దున చెరువు నీళ్ళు అద్దంలా ఉంటాయి. మసకలో పైనుంచి చూస్తే నీరెంత లోతున ఉందో, అసలు అది నీరో నేలో ఎవరి కంటికీ అందదు.

మన గదుల్లో స్విచ్‌బోర్డు చూడండి. స్విచ్‌లన్నీ ఒకే ఆకారం. మూడేళ్ళుగా ఉంటున్నవాడు కూడా ఫ్యాను ఆపబోయి లైటు ఆపుతాడు. వాడిని తిడతాం, బోర్డును ఎవరూ అనరు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-17 విమానాల్లో సరిగ్గా ఇదే జరిగింది. క్షేమంగా దిగాక పైలట్లు రెక్కల ఫ్లాపులు సర్దబోయి చక్రాలు ముడిచేసేవారు, విమానం పొట్టమీద కూలబడేది. రెండు మీటలూ పక్కపక్కన, ఒకేలా ఉండేవి. అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకు రెక్కలాంటి ముక్క తగిలించాడు. ఆ పొరపాటు ఆగిపోయింది. ఇప్పటికీ విమానాల్లో ఆ మీటలు అలాగే ఉంటాయి.

మన దగ్గరే 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు పావురాలగుట్ట దగ్గర మరణించారు. ఆయిల్ సమస్యకు పరిష్కారం కోసం చెక్‌లిస్టులో వెతుకుతూ పైలట్లు దాదాపు 6 నిమిషాలు పోగొట్టుకున్నారని, ఈలోగా ముందున్న వాతావరణాన్ని గమనించలేదని విచారణ కమిటీ తేల్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఈఏపీసెట్ కోచింగుకు పోయే మన తమ్ముళ్ళలో ఒకరిద్దరైనా ఈ మీటల చదువు చదివితే బాగుండునని మా ఆశ.

ఒకప్పుడు యెదుర్లంక నుంచి యానాం పోవాలంటే పంటు మీద గౌతమి దాటాలి. ఇప్పుడక్కడ ఉన్న వారధి పేరు బాలయోగి వారధి.