మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ - ఆయన జీవితము, ఆయన కాగితాలు

ఈ సంచికలో రాయటానికి మేము ఈసారి మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ గారిని ఎన్నుకున్నాము. అలీ సోదరులంటే ఒకప్పుడు తెలియని ఇల్లు ఉండేది కాదు. ఈనాటి మన పిల్లల్ని అడిగితే, ఖిలాఫత్ ఉద్యమం అని పాఠంలో చదివిన రెండు వాక్యాలు చెప్పి ఊరుకుంటున్నారు. తప్పు పిల్లలది కాదు, చెప్పవలసిన మనది.

మౌలానా గారు 1878 డిసెంబరు 10న రాంపూర్‌లో జన్మించారు. రెండేళ్ళ పసివాడుగా ఉండగానే తండ్రి అబ్దుల్ అలీ ఖాన్ గారు గతించారు. చిన్న వయసులోనే వితంతువైన తల్లి ఆబాదీ బానూ బేగం గారే పిల్లల్ని పెంచారు. ఈమెనే లోకమంతా బీ అమ్మా అని పిలిచింది. ఇంగ్లీషు చదువు చదివితే పిల్లలు దీన్ విడిచిపోతారని చుట్టాలు అడ్డు చెప్పినా వినలేదు. తన నగలు తాకట్టు పెట్టి మరీ చదివించారు. అన్న షౌకత్ అలీ, తమ్ముడు ముహమ్మద్ అలీ ఇద్దరూ అలీగఢ్‌లో చదివారు. 1898లో ముహమ్మద్ అలీ గారు ఆక్స్‌ఫర్డు వెళ్ళి లింకన్ కాలేజీలో చరిత్ర చదివారు. ఐ.సి.ఎస్. పరీక్షలో మాత్రం నెగ్గలేదు. తిరిగి వచ్చి రాంపూర్‌లో విద్యాశాఖలో కొన్నాళ్ళు, బరోడా సంస్థానంలో కొన్నేళ్ళు ఉద్యోగం చేశారు.

సుఖంగా జీతం తీసుకుంటూ కాలం గడపవచ్చును. కాని ఆయన ఉద్యోగం వదిలి, 1911 జనవరిలో కలకత్తాలో కామ్రేడ్ అనే ఇంగ్లీషు వారపత్రిక పెట్టారు. రాజధాని ఢిల్లీకి మారగా పత్రికనూ 1912లో అక్కడికి మార్చారు. 1913లో ఉర్దూలో హమ్‌దర్ద్ మొదలుపెట్టారు. ఆయన ఇంగ్లీషు చూసి ఇంగ్లీషు దొరలే మెచ్చుకునేవారు. కాని 1914లో యుద్ధం వచ్చింది. తుర్కుల విషయమై లండన్ పత్రిక రాసినదానికి ఆయన రాసిన జవాబు ప్రభుత్వానికి మింగుడు పడలేదు. కామ్రేడ్ ధరావతు జప్తు చేశారు. పత్రిక మూతపడింది. 1915 మే నెలలో అన్నదమ్ములిద్దరినీ నిర్బంధించారు. మెహ్రౌలీ, లాన్స్‌డౌన్, ఛింద్వాడా, బేతూల్ జైలు, ఇట్లా 1919 డిసెంబరు దాకా నాలుగున్నర ఏళ్ళు గడిచిపోయాయి.

బయటికి వచ్చీ రాగానే ఖిలాఫత్ పనిలో పడ్డారు. 1920లో ప్రతినిధి వర్గంతో లండన్ వెళ్ళి వచ్చారు. గాంధీగారితో కలిసి ఊరూరా తిరిగారు. తాను చదివిన అలీగఢ్ కాలేజీయే ప్రభుత్వ సాయం విడనాడాలని అడిగితే యాజమాన్యం ఒప్పుకోలేదు. అప్పుడు బయటికి వచ్చిన విద్యార్థులతో, ఉపాధ్యాయులతో 1920 అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. మౌలానా మహమూద్ హసన్ గారు ప్రారంభించారు. హకీం అజ్మల్ ఖాన్ గారు మొదటి అమీర్‌గా, ముహమ్మద్ అలీ గారు మొదటి వైస్ చాన్సలర్‌గా వ్యవహరించారు. డేరాల్లో మొదలైన ఈ విద్యాలయం 1925లో ఢిల్లీకి మారింది. 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

మన ఆంధ్ర ప్రాంతంతో ఆయనకు రెండు విధాల సంబంధం వున్నది. 1921 సెప్టెంబరు 14న గాంధీగారితో కలిసి మద్రాసు వెళుతూ వుండగా వాల్తేరు స్టేషనులోనే ఆయన్ను అరెస్టు చేశారు. సర్కారు సైన్యంలో ముసల్మానులు నౌకరీ చేయరాదని కరాచీ ఖిలాఫత్ సభలో తీర్మానం చేయించారన్నది నేరం. కరాచీ ఖాలిఖ్‌దీనా హాలులో విచారణ జరిగింది. ఆ ముద్దాయిల్లో హుసేన్ అహ్మద్ మదనీ గారు, సైఫుద్దీన్ కిచ్లూ గారితో పాటు ఒక శంకరాచార్యులు కూడా వుండటం చెప్పుకోదగిన సంగతి. శంకరాచార్యుల వారిని విడిచిపెట్టారు. అలీ సోదరులకు రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. కొడుకులు జైల్లో వుంటే ముసలి తల్లి బీ అమ్మా బుర్ఖాతో ఊళ్ళు తిరిగి సభల్లో మాట్లాడారు.

రెండో సంబంధం ఇంకా గొప్పది. 1923 ఆగస్టులో విడుదలైన ముహమ్మద్ అలీ గారు అదే ఏడాది డిసెంబరులో మన కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులయ్యారు. రెండేళ్ళ కిందట వాల్తేరులో పట్టుకుపోయిన మనిషిని కాకినాడలో అధ్యక్ష పీఠం మీద కూర్చోబెట్టారన్నమాట. ఈ సంగతి మన కోస్తా పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఆ తరువాతి రోజులు కష్టాలవి. 1924లో కూతురు ఆమినా, తల్లి బీ అమ్మా ఇద్దరూ గతించారు. అదే ఏడాది టర్కీ వారు ఖిలాఫత్‌నే రద్దు చేశారు. మళ్ళీ మొదలుపెట్టిన పత్రికలు నిలబడలేదు. మధుమేహం ఒంటిని తినేసింది. 1928లో నెహ్రూ నివేదిక విషయంలో కాంగ్రెసుతో, గాంధీగారితో దారులు వేరయ్యాయి. 1930లో జబ్బు మనిషిగానే రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళారు. స్వాతంత్ర్యం ఇవ్వకపోతే బానిస దేశానికి తిరిగి పోనని, సమాధికి చోటివ్వమని ఆ సభలో అన్నారు. 1931 జనవరి 4న అక్కడే కన్నుమూశారు. వయసు 52 ఏళ్ళు. బైతుల్ ముఖద్దస్‌లో ఆయన్ను ఖననం చేశారు.

ఇక కాగితాల సంగతి. ఆయన ఆస్తి ఏమీ మిగల్చలేదు. మిగిలినవి కాగితాలే. ఉత్తరాలు, చిత్తుప్రతులు, ఇంగ్లీషులోనూ ఉర్దూలోనూ. అవి ఆయన పెట్టిన జామియాలోనే, అక్కడి గ్రంథాలయంలో భద్రపడ్డాయి. ఆ గ్రంథాలయానికి పేరిచ్చిన డాక్టర్ జాకిర్ హుసేన్ గారు మన హైదరాబాదులో పుట్టినవారే. జైల్లో ఆయన మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయిన స్వీయచరిత్ర 1942లో, అంటే పోయిన 11 ఏళ్ళకు, లాహోరులో అచ్చయింది. 1980లలో చరిత్రకారులు ముషీరుల్ హసన్ గారు ఆయన రచనలను, లేఖలను ఏర్చి సంపుటాలుగా ప్రచురించారు. పెట్టెలో వుంటే ఒక కుటుంబానికే తెలిసేది, అచ్చులోకి వచ్చి అందరిదీ అయింది.

దీని వల్ల ఏమి లాభం అని కొందరు అడగవచ్చు. ముహమ్మద్ అలీ గారి గురించి రెండు రకాల మాటలు వింటాము. ఒకరు తప్పే లేని మనిషి అంటారు. మరొకరు చివరికి దేశానికి దూరమైపోయాడంటారు. ఆయన కోపిష్టి, డబ్బు లెక్క తెలియని మనిషి, చనువున్న వారితోనే తగవు పడేవారు. అదే మనిషి తాను నమ్మిన దానికోసం ఉద్యోగం, ఆరోగ్యం, చివరికి ప్రాణం ఇచ్చారు. రెండూ నిజమే. గిట్టనివారు చెప్పేది, అభిమానులు చెప్పేది కాక, ఆయనే రాసుకున్నది చదివి తీర్పు చెప్పే అవకాశం మనకు వున్నది. కాగితాలు చిత్తుకు పోయి వుంటే ఆ అవకాశం వుండేది కాదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా దాదాగారి ట్రంకు పెట్టెలో ఉర్దూ ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు వుండేవి. మేము ట్రైనింగుకు ఊరు విడిచి వెళ్ళిన ఏడాది, పండగకు సున్నం వేయిస్తూ ఇంట్లోవాళ్ళు వాటిని చిత్తుకాగితాల వాడికి కిలోల లెక్కన తూచి ఇచ్చేశారు. పెట్టె మాత్రం దాచుకున్నారు. వాళ్ళకు ఉర్దూ చదవటం రాదు, ఇవి ఏమిటో వాళ్ళకేమి తెలుసు? చదవటం వచ్చిన మేము వెళ్ళేముందు ఒక్కసారి ఆ పెట్టె తెరిచి చూడలేదు. రోజూ పిల్లలకు అలిఫ్ బే దిద్దించేటప్పుడు ఆ మాట గుర్తుకొస్తూనే వుంటుంది.

కనుక మా విన్నపం ఒక్కటే. అటక మీద, సందూకులో పెద్దల ఉత్తరాలు, వక్ఫ్ కాగితాలు, పాత పత్రికలు వుంటే పారేయకండి. చెమ్మ తగలకుండా శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. చిరిగిన చోట టేపు అంటించకండి, అది కొన్నాళ్ళకు కాగితాన్నే తినేస్తుంది. ఎవరు ఎవరికి రాశారో తెలిసిన పెద్దలు వుండగానే అడిగి వేరే చీటీ మీద రాసి పెట్టండి. ఉర్దూ చదవటం రానివారు మా దగ్గరికి తీసుకురండి, కూర్చుని చదివి చెబుతాము. విలువైనవైతే విశ్వవిద్యాలయానికి ఎట్లా అందజేయాలో సంఘం పెద్దలతో ఆలోచిద్దాము.

మనందరి ఇళ్ళలోనూ ముహమ్మద్ అలీలు పుట్టకపోవచ్చు. కాని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసి దాచిపెట్టి వెళ్ళారు. అల్లాహ్ మౌలానా గారికి మగ్‌ఫిరత్ ప్రసాదించాలని, మనకు అమానత్ కాపాడే బుద్ధినివ్వాలని దుఆ చేస్తూ ముగిస్తున్నాము.