గురజాడవారి కన్యాశుల్కం: మేము ఎంచుకున్న పుస్తకం

మేము భవానీపూర్‌లో ఉంటున్న తెలుగు పిల్లలం. మా నాన్నలూ అమ్మలూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు. ఒకరు విశాఖపట్నం నుంచి వచ్చారు, ఒకరు సికింద్రాబాద్ నుంచి, ఇంకొకరు నాగ్‌పూర్ మీదుగా వచ్చారు. బడిలో హిందీ, ఇంగ్లీషు మాట్లాడతాం. జదుబాబు బజారులో కూరలు కొనడానికి బెంగాలీ వాడతాం. తెలుగు మాత్రం ఇంట్లోనే. మాలో సగం మందికి తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవాలంటే అక్షరాలు కూడబలుక్కోవాలి.

ఈ ఏడాది మేమంతా కలిసి ఒక తెలుగు నాటకం చదవాలనుకున్నాం. పెద్దలంతా ఒకే పేరు చెప్పారు: కన్యాశుల్కం. దాచుకున్న డబ్బులు పోగు చేస్తే ఒక్క పుస్తకానికే సరిపోయాయి. అందులో ఏది కొనాలన్నది సమస్య అయింది. వట్టి నాటకం ఉన్న చౌక పుస్తకం ఉంది. కింద అర్థాలూ వివరణలూ ఉన్నది ఉంది. మొదటి కూర్పు అని ఒకటి, రెండో కూర్పు అని ఒకటి. ఒకే నాటకానికి రెండు కూర్పులు ఎందుకున్నాయో మాకు అర్థం కాలేదు. అది తెలియాలంటే రాసినాయన జీవితం తెలియాలని ఒక తాతగారు చెప్పారు. అందుకే ముందు ఆయన గురించి తెలుసుకున్నాం. తెలుసుకున్నది మీకూ చెబుతున్నాం.

గురజాడ వేంకట అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న విశాఖపట్నం జిల్లా సర్వసిద్ధి రాయవరంలో పుట్టారు. అది ఆయన మేనమామగారి ఊరు. తల్లి కౌసల్యమ్మగారు, తండ్రి వెంకట రామదాసుగారు. తండ్రి విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగం చేసేవారు. చీపురుపల్లిలో ఉద్యోగం కాబట్టి అప్పారావుగారి చిన్నప్పటి చదువు అక్కడే సాగింది. పుట్టింది ఒక ఊళ్లో, చదువు మొదలైంది ఇంకో ఊళ్లో. ఇది చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది. ఆయనా మాలాంటి పిల్లవాడే!

తర్వాతి సంగతి నవ్వే సంగతి కాదు. తండ్రి చనిపోయారు. అప్పారావుగారు చదువు కోసం విజయనగరం వచ్చారు. అక్కడ వారాలు చేసుకుని చదువుకున్నారు. వారాలు అంటే ఏమిటో మా ఇళ్లలో అడిగి తెలుసుకున్నాం. పేద విద్యార్థికి సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా వారానికి ఏడిళ్లలో అన్నం పెట్టేవారట. మహారాజావారి కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రిగారు ఆ కుర్రవాడి తెలివి చూసి తన ఇంట్లోనే ఉండటానికి చోటిచ్చి, భోజనం పెట్టి చదివించారు. తర్వాత తెలుగు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు అప్పారావుగారికి అక్కడే సహాధ్యాయి.

1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఎ. పూర్తయ్యాయి. అదే ఏడాది మహారాజావారి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం నెలకు 25 రూపాయలు. 1885లో అప్పల నరసమ్మగారితో పెళ్లయింది. ఉద్యోగం చేస్తూనే 1886లో బి.ఎ. పూర్తి చేశారు. కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ గుమాస్తాగా పనిచేసి, 1887లో కళాశాలలో అధ్యాపకులయ్యారు.

ఇక్కడ మన కలకత్తా కథలోకి వస్తుంది. అప్పారావుగారు మొదట ఇంగ్లీషులోనే కవిత్వం రాసేవారు. 1883లో సారంగధర కథను ఇంగ్లీషు పద్యంగా రాస్తే, విజయనగరం నుంచి వచ్చే ఇండియన్ లీజర్ అవర్ పత్రికలో అచ్చయింది. కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ అనే వారపత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీగారు దాన్ని చదివి మెచ్చుకుని తన పత్రికలో మళ్లీ వేశారు. అంతటితో ఆగకుండా, పరాయి భాషలో ఎంత బాగా రాసినా అది పరాయిదేననీ, సొంత భాషలో రాయమనీ ఆ యువకుడికి సలహా ఇచ్చారు.

ఆ శంభుచంద్రగారు చిన్న వయసులో హిందూ పేట్రియట్ పత్రికలో హరీశ్‌చంద్ర ముఖర్జీగారి దగ్గర పనిచేశారు. నీలిమందు రైతుల తరఫున నిలబడి ఆ పత్రికను నడిపిన హరీశ్‌చంద్రగారు మన భవానీపూర్‌లోనే ఉండేవారు. మాలో ఇద్దరు రోజూ బడికి వెళ్లే హరీశ్ ముఖర్జీ రోడ్డుకు ఆ పేరు ఆయనదే. ఆయన పోయింది 1861లో, గురజాడవారు పుట్టింది 1862లో. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు. కానీ ఒకరి దగ్గర పని నేర్చుకున్న మనిషే రెండోవారిని తెలుగు వైపు తిప్పాడు. తెలుగులో గొప్ప నాటకం పుట్టడంలో ఒక బెంగాలీ సంపాదకుడి మాట కూడా ఉందని తెలిసినప్పుడు మా బెంగాలీ స్నేహితులు మాకంటే ఎక్కువ సంతోషించారు.

విజయనగరం మహారాజు ఆనంద గజపతిగారికి సాహిత్యమన్నా చర్చలన్నా ఇష్టం. ఆయన అప్పారావుగారిని చేరదీశారు. 1891లో సంస్థానం శాసన పరిశోధకుడిగా నియమించారు. అంటే రాళ్ల మీదా రాగి రేకుల మీదా ఉన్న పాత రాతలు చదివి, వాటికి అర్థం చెప్పే పని.

ఆ రోజుల్లో ఆ ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబాల్లో ఒక దురాచారం ఉండేది. పెళ్లికొడుకు వైపువారు పిల్ల తండ్రికి డబ్బిచ్చి పిల్లను చేసుకునేవారు. ఆ డబ్బే కన్యాశుల్కం. ఇప్పుడు మనం వినే కట్నానికి ఇది తిరగేసిన ఆచారం. డబ్బున్న ముసలివాళ్లు పసిపిల్లలను కొనుక్కునేవారు. వాళ్లు పోతే ఆ పిల్లలు వితంతువులై, మళ్లీ పెళ్లి లేక జీవితమంతా పుట్టింట్లో మిగిలిపోయేవారు. ఇలాంటి పెళ్లిళ్లు ఎన్ని జరిగాయో మహారాజు మూడేళ్ల లెక్క తీయించారు. విశాఖపట్నం జిల్లాలో 1,034 తేలాయి. అందులో 99 మంది పిల్లలకు పెళ్లినాటికి అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఒక్క ఏడాది. ఈ లెక్కలు గురజాడవారే తన నాటకానికి రాసిన ఇంగ్లీషు ముందుమాటలో ఉన్నాయి. మాలో ఒకరికి మూడేళ్ల చెల్లెలుంది. ఆ అంకె చదివాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఇంత బాధ కలిగించే విషయం మీద అప్పారావుగారు నవ్వించే నాటకం రాశారు. అగ్నిహోత్రావధానులు అనే కోపిష్ఠి తండ్రి తన రెండో కూతురు సుబ్బిని లుబ్ధావధానులు అనే ముసలి పిసినారికి అమ్మబోతాడు. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువు. పిల్ల మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, ఆ ముసలాయనకే కట్టబెట్టి పెళ్లి చెడగొడతాడు. మధ్యలో గిరీశం అనే మాటకారి. సంస్కరణ గురించి ఉపన్యాసాలు దంచుతాడు, చేసేవన్నీ మోసాలే. తెలివీ మంచి మనసూ ఉన్న నాట్యకత్తె మధురవాణి అందరికంటే ఎత్తులో నిలుస్తుంది. నవ్వితే జనం వింటారు, తిడితే లేచిపోతారు అన్న సంగతి ఆయనకు తెలిసినట్టుంది.

ఆ నాటకాన్ని 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. అప్పారావుగారు దాన్ని ఆనంద గజపతిగారికి అంకితమిచ్చారు. అదే ఏడాది మహారాజు కన్నుమూశారు. తర్వాత ఆయన మహారాజు సోదరి, రీవా మహారాణి అప్పల కొండయాంబగారి దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేశారు. సంస్థానం వ్యాజ్యాలు, కాగితాలు, మధ్యలో అనారోగ్యం. అయినా పాత నాటకాన్ని వదల్లేదు. దాన్ని మళ్లీ మొదటి నుంచి దిద్దారు. అయిదంకాలు ఏడంకాలయ్యాయి. మధురవాణి పాత్ర బాగా పెరిగింది. ఆ రెండో కూర్పు 1909లో వచ్చింది. ఇప్పుడు అందరూ చదివేదీ, ఆడేదీ అదే. ఒకసారి మెప్పు పొందిన పనిని పన్నెండేళ్ల తర్వాత మళ్లీ తీసి దిద్దడం మాకు చాలా పెద్ద సంగతిగా అనిపించింది. మేము ఒకసారి రాసిన వ్యాసాన్నే రెండోసారి చూడం!

ఇక పుస్తకం ఎంపిక. మాలో కొందరు మొదటి కూర్పే అసలైనదని, అదే కొందామన్నారు. దాన్ని 1969లో బంగోరెగారు మళ్లీ వెలుగులోకి తెచ్చారు. పెద్దయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన ఏం మార్చారో తెలుస్తుంది. కానీ మొదటిసారి చదివేవాళ్లకు రచయిత చివరగా ఇష్టపడి నిలిపిన రూపమే మంచిదని తేల్చాం. 2012లో వచ్చిన గురజాడలు అనే పెద్ద పుస్తకంలో ఆయన రచనలన్నీ ఉన్నాయి. అది మా డబ్బుకూ, మా చేతులకూ కూడా బరువే. వెల్చేరు నారాయణరావుగారి ఇంగ్లీషు అనువాదం 2007లో వచ్చింది. తెలుగు చదవడానికి కూడబలుక్కునే మాకు అది తేలిక. కానీ శంభుచంద్రగారు గురజాడవారికి ఇచ్చిన సలహా గుర్తొచ్చి అటు వెళ్లలేదు.

చౌక పుస్తకమా, వివరణలున్న పుస్తకమా అన్నదే చివరికి మిగిలింది. చౌక పుస్తకంతో మొదటి రెండు పేజీలు ప్రయత్నించాం. నాటకం విజయనగరం వైపు మాటల్లో ఉంది. పూటకూళ్లమ్మ అంటే డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఆవిడ అని మాకు తెలియదు. కంటె అంటే మెడలో వేసుకునే నగ అని తెలియకపోతే కథలో సగం గొడవ అర్థం కాదు. కరటకుడు పంచతంత్రంలోని నక్క పేరని తెలిస్తేనే కరటకశాస్త్రి ఎలాంటివాడో పేరులోనే పట్టుబడుతుంది. లుబ్ధుడంటే పిసినారి. పేకాట సీనులో మాటలు మా నాన్నలకే తెలియలేదు. గిరీశం వాడే ఇంగ్లీషు మాకు వచ్చు కానీ, ఆ కాలంలో నాచ్ పార్టీలకు వ్యతిరేకంగా ఉద్యమం ఎందుకొచ్చిందో తెలియకపోతే అతని గొప్పలు ఎందుకు నవ్వు పుట్టిస్తాయో తెలియదు. నవ్వు ఆలస్యంగా వస్తే అది నవ్వే కాదు కదా!

అందుకే వివరణలున్న పుస్తకమే తీసుకున్నాం. తీసుకునే ముందు నాలుగు సంగతులు చూసుకున్నాం. మీరూ ఎప్పుడైనా పాత పుస్తకం కొనేటప్పుడు ఇవి చూసుకోండి. ఒకటి, ఏ కూర్పును బట్టి అచ్చు వేశారో మొదట్లో చెప్పాలి. రెండు, నాటకంలోని వాడుక మాటలను పుస్తకాల భాషలోకి మార్చకూడదు, ఏ సీనూ తీసేయకూడదు. మూడు, అర్థం అదే పేజీ కింద ఉండాలి. చివరికి వెళ్లి వెతుక్కోవలసి వస్తే కథ చేయి జారిపోతుంది. నాలుగు, రచయిత ముందుమాటలు ఉండాలి. అవి లేకపోతే 1,034 మంది పిల్లల లెక్క మాకు కనిపించేదే కాదు.

నాటకం తర్వాత గురజాడవారికి ఆరేళ్లే మిగిలాయి. 1910లో ముత్యాల సరాలు అనే కొత్త ఛందస్సులో గేయాలు రాశారు. దేశభక్తి గీతం రాశారు. దిద్దుబాటు అనే కథ రాశారు. తెలుగులో ఆధునిక కథానిక దానితోనే మొదలైందని చాలామంది అంటారు. ముసలివాడికి అమ్ముడుపోయిన పూర్ణమ్మ అనే పిల్ల గురించి గేయ కథ కూడా రాశారు. నాటకంలో నవ్విస్తూ చెప్పిన సంగతినే అందులో ఏడిపిస్తూ చెప్పారు. మద్రాసు విశ్వవిద్యాలయం సంఘంలో ఉంటూ, పిల్లలు పరీక్షల్లో వాడుక తెలుగులో రాయవచ్చని వాదించారు. ఎక్కువమంది ఒప్పుకోకపోతే 1914లో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసిచ్చారు. ఆ వాదం ఆయన బతికుండగా నెగ్గలేదు. 1915 నవంబరు 30న విజయనగరంలో 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మేము ఈ వ్యాసం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాస్తున్నాం. దీన్ని ఎవరూ తప్పు పట్టరు. ఆయన ఓడిపోయిన వాదమే తర్వాత గెలిచిందనడానికి ఈ పేజీయే సాక్ష్యం.

ఇప్పుడు ఆదివారాల్లో ఒకరింట్లో కూర్చుని చదువుతున్నాం. మూడంకాలు అయ్యాయి. వెంకటేశం పాత్ర చదివే స్నేహితుడి నాన్నగారికి జబల్‌పూర్ బదిలీ ఆర్డరు వచ్చింది. పరీక్షలు కాగానే వెళ్లిపోతున్నారు. మొదట పుస్తకం అతనికే ఇచ్చి పంపుదామనుకున్నాం. అతను వద్దన్నాడు. పుస్తకం ఇక్కడే మన గ్రంథాలయంలో ఉంటే, వచ్చే ఏడాది ఏ ఊరి నుంచి బదిలీ మీద వచ్చే తెలుగు పిల్లలైనా చదువుకుంటారని అతని ఆలోచన. అది మాకు నచ్చింది. అతను వెళ్లేలోగా ఏడో అంకం పూర్తి చేయాలని ఆదివారంతో పాటు శనివారం కూడా కూర్చుంటున్నాం.

పాత శాసనాలకు అర్థం చెప్పిన మనిషి రాసిన నాటకానికే ఇప్పుడు మాకు అర్థాలు కావలసి వచ్చాయి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదనుకుంటున్నాం. కింద ఉన్న వివరణ చూసుకుని ఒక్క క్షణం ఆగి నవ్వినా, అది మన తెలుగులో మనం నవ్విన నవ్వే. మీ భాష ఏదైనా, మీ ఇంటి భాషలో ఉన్న ఒక పాత పుస్తకం ఈ సెలవుల్లో తెరవండి. అర్థాలున్న పుస్తకమే తెరవండి.