అదనెరిగిన రౌతు

తూర్పు కనుమలలోని అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలు నేడు రహదారుల వల్ల మైదానాలకు చేరువైనాయి. అయినా కొండకొమ్ముల మీది కొన్ని పల్లెలకు కాలిబాటే ఆధారం. అటువంటి చోట ధాన్యపు బస్తాలను వీపున మోస్తూ, రాళ్ళదారిలో తడబడక నడిచే పొట్టి గుర్రాలు గిరిజనులకు చేదోడు వాదోడు. ఈ కొండలలో సంచరించి, ఇక్కడే నేలకొరిగిన అల్లూరి సీతారామరాజుకు కూడా గుర్రమంటే ఎనలేని మక్కువ. ఆయన చేసిన పోరాటం అందరూ ఎరిగినదే. ఆ పోరాటానికి ముందు ఆయన ఎంతటి ఓర్పుతో అదను కోసం నిరీక్షించాడో తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

సీతారామరాజు 1897 జూలై 4న విశాఖపట్నం సమీపంలోని పాండ్రంగిలో, మాతామహుల ఇంట జన్మించాడు. తల్లి సూర్యనారాయణమ్మ. తండ్రి వెంకటరామరాజు ఛాయాచిత్రకారుడు. రాజమండ్రిలో వృత్తి సాగించేవాడు. 1908లో గోదావరి పుష్కరాల వేళ కలరా సోకి తండ్రి మరణించాడు. పదకొండేళ్ళ బాలుని చదువు అప్పటి నుండి ఊరూరా తిరిగింది. పినతండ్రి రామకృష్ణంరాజు కుటుంబానికి అండగా నిలిచాడు. భీమవరంలో మొదటి ఫారం పరీక్ష తప్పిన రామరాజు, నర్సాపురం సమీపాన ఉన్న చించినాడలో మిత్రుని ఇంట ఉన్నాడు. ఆ ఇంటివారి గుర్రమెక్కి స్వారీ నేర్చుకున్నది ఆ రోజులలోనే. పరీక్షలలో వెనుకబడిన బాలునికి జీను మీద ఆత్మవిశ్వాసం చిక్కింది.

ఆ మక్కువ స్వారీతో ఆగలేదు. తరువాతి కాలంలో ఆయన తన కోసం సిద్ధం చేసుకొని భద్రపరచుకున్న వ్రాతప్రతులలో వైద్య గ్రంథాలతో పాటు అశ్వశాస్త్రం, గజశాస్త్రం కూడా ఉన్నాయి. మన దేశంలో అశ్వశాస్త్రం ప్రాచీనమైనది. శాలిహోత్రుడు దానికి ఆద్యుడని సంప్రదాయం. విరాటుని కొలువులో అజ్ఞాతవాసం గడిపిన నకులుడు అశ్వశాలను చూసుకున్నాడు. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసము అనే పద్యకృతిని రచించాడు. అశ్వపోషణను మన పూర్వులు ఎంతటి విద్యగా భావించారో వీటి వల్ల తెలుస్తుంది.

గుర్రపు పిల్లకు సంస్కృతంలో కిశోరమని పేరు. యౌవనపు వాకిట నిలిచిన బాలుణ్ణి కిశోరుడు అంటున్నదీ ఆ మాటతోనే. కిశోరానికి ఎప్పుడు జీను వేయాలన్నది అశ్వశిక్షకునికి ఎదురయ్యే కఠినమైన ప్రశ్న. రెండేళ్ళు నిండేసరికి గుర్రం చూపులకు ఇంచుమించు ఎదిగినట్లే ఉంటుంది. కాని లోపలి ఎముకలు ఇంకా ముదరవు. కాళ్ళ ఎముకలు కింది నుండి పైకి క్రమంగా గట్టిపడతాయి. బరువు మోయవలసిన వెన్నెముక అన్నిటికన్నా ఆలస్యంగా, అయిదారేళ్ళ వయసులో గాని పరిపూర్ణం కాదు. అందుకే అనుభవజ్ఞులు గుర్రం ఎత్తును చూసి మోసపోరు. నోరు తెరిచి పళ్ళు చూస్తారు. సుమారు రెండున్నర ఏళ్ళకు ముందరి నడిమి పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. మూడున్నర ఏళ్ళకు వాటి పక్కవి, నాలుగున్నర ఏళ్ళకు చివరివి మారుతాయి. అయిదేళ్ళకు నోరు నిండుతుంది.

మూడేళ్ళ ప్రాయంలో తేలికపాటి శిక్షణ ఆరంభించి, బరువు పనిని అయిదేళ్ళ దాకా ఆపడం వివేకవంతుల పద్ధతి. అంతవరకు కిశోరాన్ని ఊరక వదలరు. మనిషి చేతి స్పర్శకు అలవాటు చేస్తారు. పగ్గం పట్టి నడిపిస్తారు. కళ్ళెం రుచి చూపిస్తారు. వీపున దుప్పటి కప్పుతారు. ఖాళీ జీను బిగిస్తారు. రౌతు ఎక్కడం చివరి మెట్టు. తొందరపడి ఎక్కితే లేత కాళ్ళు, నడుము చెడతాయి. భయం మనసులో నాటుకుంటుంది. ఏ శిక్షణా ఇవ్వక కాలం గడిపితే మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత నిజమవుతుంది. అదనును నిర్ణయించేది గుర్రం ఎదుగుదలే గాని, రౌతు ఆత్రం కాదు.

ఈ శాస్త్రం ఎరిగిన యువకుడు 1917 జూలైలో మన్యపు ముఖద్వారమైన కృష్ణదేవిపేటకు చేరాడు. విద్యార్థి దశలో తునిలో ఉన్నప్పుడే ఆయన కొండ పల్లెలను చూసి ఉన్నాడు. అంతకు ముందటి ఏడాది ఉత్తరదేశ యాత్ర చేశాడు. కృష్ణదేవిపేటలో చిటికెల భాస్కరుడు ఆయనకు ఆశ్రయమిచ్చాడు. ఆనాటి మన్యం కడగండ్ల పాలై ఉంది. 1882 నాటి అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుగోడ అయింది. పూర్వికుల కాలం నుండి అనుభవించిన అడవిలో అడుగు పెట్టడమే నేరమయింది. కొండదారుల నిర్మాణంలో గిరిజనులచేత చాలీచాలని కూలికి వెట్టిచాకిరి చేయించేవారు. గూడెం ప్రాంతపు అధికారి బాస్టియన్ పెట్టిన బాధలు వారి ఓర్పును హరించాయి.

అన్యాయాన్ని చూసిన తొలినాడే రామరాజు విల్లు పట్టలేదు. అయిదేళ్ళు వారి నడుమ మెలిగాడు. మందులిచ్చాడు, తగవులు తీర్చాడు, మద్యపానం మాన్పించాడు, పంచాయతీలను ప్రోత్సహించాడు. కొండవారు ఆయనను తమవాడిగా స్వీకరించారు. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి స్థానిక నాయకులు తోడైనారు. నమ్మకం కుదిరాక గాని నాయకుడు ముందుకు దూకలేదు.

1922 ఫిబ్రవరిలో సహాయ నిరాకరణోద్యమం ఆగిపోయింది. దేశమంతటా నిరాశ అలముకున్న ఆ ఏడాదే మన్యంలో పోరాటం మొదలయింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేజిక్కాయి. తీసుకున్న ఆయుధాల లెక్కను స్టేషను పుస్తకంలో వ్రాసి సంతకం చేయడం ఆయన నిబ్బరానికి నిదర్శనం. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడిచిన భారతీయ సిబ్బందిని పోనిచ్చి, వెనుక వచ్చిన ఆంగ్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను నేలకూల్చారు. క్షణంపాటు తొందరపడినా తోటి భారతీయుల ప్రాణాలు పోయేవి.

దేశం ఆగిన వేళ మన్యం కదలడం అకాలమా అని సందేహం కలగవచ్చు. బయటి నుండి ఆసరా రాలేదు. బలమైన ప్రభుత్వ సేనను కొండలు ఒంటరిగా ఎదుర్కొన్నాయి. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద విప్లవదళం తీవ్రంగా నష్టపోయింది. 1923లో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924లో అస్సాం రైఫిల్స్ దళాలు అడవులను జల్లెడ పట్టాయి. అయితే దేశపు గడియారం వేరు, మన్యపు గడియారం వేరు. పోడు పోగొట్టుకొని, కూలి కోల్పోయిన జనం భరించగల హద్దును దాటారు. రామరాజు ఎదురుచూసినది ఆ జనపు సంసిద్ధత కోసం. అందుకే సేనలు చుట్టుముట్టినా ఆ పోరాటం రెండేళ్ళకు చేరువగా నిలిచింది.

1924 మే 7న మంప సమీపాన రామరాజు పట్టుబడ్డాడు. విచారణ ఏదీ లేకుండానే మేజర్ గుడాల్ ఆయనను కొయ్యూరులో కాల్చి చంపించాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు నిండలేదు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టారు. అరకు లోయ ఆ జిల్లాలోనిదే.

చించినాడలో గుర్రమెక్కిన నాటికి రామరాజు ఇంచుమించు మీ వయసువాడే. చదువులో తప్పిన పరీక్ష ఆయనను కుంగదీయలేదు. నేర్చిన విద్య ఆయనను తొందరపెట్టలేదు. తండ్రిని కోల్పోయిన బాల్యం, ఊరూరా తిరిగిన చదువు, అయిదేళ్ళ మన్యవాసం, ఇవన్నీ జీను బిగించడానికి ముందటి మెట్లు. ఎదిగే వయసులో వేచి ఉండడం సోమరితనం కాదు, వెన్ను గట్టిపరచుకోవడమని ఆ జీవితం తెలుపుతుంది. వెన్ను గట్టిపడ్డాక బరువును తప్పించుకోరాదని కూడా అదే తెలుపుతుంది.