ఏటినీటి లెక్కరి - డాక్టర్ కానూరి లక్ష్మణరావు

నదీమూలము, ఋషిమూలము విచారింపరాదని మన పెద్దలు చెప్పినారు. ఋషుల సంగతి ఎట్లున్నను, నదుల విషయములో ఆ కట్టుబాటును పాటింపని తెలుగువారు ఒకరున్నారు. నది ఎచ్చట పుట్టినది, ఎన్ని వాగులను కలుపుకొన్నది, ఏ నెలలో ఎంత నీరు తెచ్చినది, అందులో ఎంత పొలములకు చేరినది, ఎంత కడలిపాలైనది - ఈ ప్రశ్నలను జీవితమంతయు విడువక అడిగినవారు డాక్టర్ కానూరి లక్ష్మణరావుగారు. మన కవులు నదిని తల్లిగా, కాంతగా, దేవతగా దర్శించినారు. రావుగారు దానిని క్యూసెక్కులలో చదివినారు. ఆంగ్లములో వ్రాసిన తమ స్మృతులకు కూడ వారు ది క్యూసెక్స్ కాండిడేట్ అని క్యూసెక్కుల పేరే పెట్టుకొన్నారు.

1902 జూలై 15వ తేదీన కృష్ణాజిల్లా కంకిపాడులో రావుగారు జన్మించినారు. అది కృష్ణా డెల్టా గ్రామము. 1855 నాటికి బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియై, ఆ ప్రాంతము కాలువనీటికి అలవాటుపడినది. ఆనకట్టమీదుగా ఏటేట ఎంత నీరు దిగిపోయినదో తెలుపు లెక్కలు 1894-95 మొదలు వరుసగా లభించుచున్నవి. అనగా ఆయన పుట్టుటకు ఎనిమిదేండ్ల ముందే ఆ పద్దు ప్రారంభమైనది. ఏ ఆర్భాటమును లేక దినదినము వ్రాసిన ఆ అంకెలే ముందుముందు మూడు రాష్ట్రముల భాగ్యమును నిర్ణయింపనున్నవని నాడు ఎవ్వరును ఊహించి యుండరు.

తొమ్మిదవ ఏటనే తండ్రి గతించినాడు. బడిలో ఆడుకొనుచుండగా తగిలిన దెబ్బవలన ఒక కంటిచూపు పోయినది. అయినను చదువు ఆగలేదు. గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టము పొంది, మద్రాసు విశ్వవిద్యాలయమునుండి ఇంజనీరింగులో మాస్టరు పట్టమందిన మొదటి విద్యార్థి అయినారు. కొంతకాలము రంగూనులో అధ్యాపకత్వము నెరపినారు. 1939లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు గడించినారు. కాంక్రీటు నిర్మాణములపై ఆయన వ్రాసిన గ్రంథము విద్యార్థులకు పాఠ్యమైనది. స్వదేశమునకు తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వములోను, పిమ్మట ఢిల్లీలో కేంద్ర జలవిద్యుత్ సంఘములోను ఆనకట్టల రూపకల్పన చేపట్టినారు.

ఆ కాలమున డెల్టాకును మెట్టకును గల అంతరము చూపరులకు కంటనీరు తెప్పించునదిగా ఉండెను. దర్శి సీమను తలచుకొన్న అది తెలియును. నాడు దర్శి నెల్లూరు జిల్లాలోనిది; 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది, ఆ జిల్లాయే తరువాత ప్రకాశము జిల్లా అయినది. వానకై ఆకసమునకు చూచు నేలలు, ఫ్లోరైడు కలిసిన బావినీరు, ఎండకాలమున ఒట్టిపోవు వాగులు - ఇవి ఆ సీమ గతి. కృష్ణ ఉత్తరమున నిండుగా పారి సముద్రములో కలియుచుండగా, దర్శి రైతుకు అందులో ఒక్క చుక్కయు దక్కలేదు.

నందికొండవద్ద కృష్ణకు అడ్డకట్ట వేయవచ్చునని 1952లో ఖోస్లా సంఘము తేల్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసినారు. ఈ నాగార్జునసాగరము రూపకల్పనలో రావుగారి చేయి ప్రధానమైనది. సిమెంటును, యంత్రములను విదేశములనుండి తెచ్చుటకంటె, దేశములోని రాతిని, మన కూలీల చేతిపనిని నమ్ముకొనుట మేలన్న తలంపుతో అది మహా శిలానిర్మాణముగా రూపొందినది. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచినారు. ఆ తరువాతి సంవత్సరములలో కుడికాలువ నీరు దర్శి శాఖాకాలువ ద్వారా మెట్టనేలకు చేరినది.

కట్టడము కంటికి కనబడును. దానికి ఆధారమైన కొలత కనబడదు. నీటిని కొలుచు విధమును గ్రహించినగాని రావుగారి పట్టుదల అర్థము కాదు. నదికి అడ్డముగా ఒక తావును ఎన్నుకొని, అడుగునేల ఎగుడుదిగుళ్లను కొలిచి, నీరు పారు వైశాల్యమును లెక్కకట్టుదురు. కరెంటు మీటరును నీటిలో దించి వేగమును తెలిసికొందురు. వైశాల్యమును వేగముతో గుణించిన, సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుచున్నదో తేలును. సెకనుకు ఒక ఘనపుటడుగు పారిన అది ఒక క్యూసెక్కు. ఇట్లు వేర్వేరు మట్టములవద్ద కొలిచి పట్టిక కట్టినచో, తరువాత గేజిపై అంకె చదివినంతనే ప్రవాహము తెలియును. కాని ఒక వరద అడుగు ఇసుకను త్రవ్విపోయినను, మేట వేసినను ఆ పట్టిక మారును. కనుక కొలత ఒకనాటితో ముగియునది కాదు. ఒక్క ఏటి లెక్కతో నది స్వభావము తెలియదు. ముప్పది, నలువది ఏండ్ల లెక్క ఉన్నప్పుడే కరవేటిలో సైతము నమ్మదగిన నీరెంతయో చెప్పవచ్చును.

ఈ లెక్క కొరవడిన దేశమునకు కలుగు ఇక్కట్టు 1960 తరువాత స్పష్టముగ బయటపడినది. కృష్ణా గోదావరుల నీటికై రాష్ట్రములు తగవులాడుచుండగా, కేంద్ర ప్రభుత్వము 1961లో గుల్హాతి సంఘమును నియమించినది. 1962 ఆగస్టులో ఆ సంఘము తన నివేదికను సమర్పించినది. నదుల ముఖ్యస్థానములలో చాలినంత కాలము, చాలినంత శ్రద్ధతో తీసిన కొలతలు లేవనియు, అవి లేనిదే కచ్చితముగా నీరెంతయో తేల్చుట సాధ్యము కాదనియు ఆ సంఘము అభిప్రాయపడినది. కొలతకేంద్రములను పెంచవలెనని సూచించినది.

ఆ 1962లోనే రావుగారు విజయవాడనుండి లోకసభకు ఎన్నికైనారు. 1963 జూలైలో కేంద్ర జలవిద్యుచ్ఛక్తి శాఖా మంత్రి అయి, 1973 వరకు ఆ భారము వహించినారు. పద్మభూషణ బిరుదము వారికి 1963లోనే లభించినది. కేంద్ర సంస్థలు కృష్ణా గోదావరీ పరీవాహములలో ప్రవాహమును స్వయముగా కొలుచు పని బలపడినది ఆ దశాబ్దములోనే. 1958లో ఢిల్లీవద్ద యమునకై చిన్న విభాగముగా మొదలైన వరద సూచనల పనికి, ఆయన మంత్రిగా నున్న 1969లో ప్రత్యేక కేంద్ర కార్యాలయము ఏర్పడి, ఇతర నదులకు కూడ ఆ సేవ విస్తరించినది. ఎగువ గేజి చదివి దిగువ గ్రామమును ముందుగా హెచ్చరించుట ఆ పనిలోని సారము.

1969లో బచావత్ ట్రిబ్యునలు ఏర్పడినది. బెజవాడ ఆనకట్టవద్ద 1894-95 మొదలు 1971-72 వరకు గల 78 ఏండ్ల ప్రవాహమును ముందుంచుకొని, నూరేండ్లలో 75 ఏండ్లు నమ్మదగిన నీరు 2,060 టి.ఎం.సి.లని అది 1973లో నిర్ణయించినది. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 పంచినది. ఎవరి వాదము ఎంత గట్టిదైనను, తుదకు తీర్పునకు పునాది అయినది ఆనకట్టవద్ద పేరులేని ఉద్యోగులు వ్రాసిన పద్దు. 2004లో ఏర్పడిన మరియొక ట్రిబ్యునలు, 2010లో, 1961-62 తరువాతి 47 ఏండ్ల ప్రవాహము ఆధారముగ లెక్కను మరల కట్టినది. పద్దు పెరిగినకొలది పంపకపు ప్రశ్నయు మరల తలయెత్తును.

రావుగారి ఊహలన్నియు ఫలించినవని చెప్పరాదు. 1972లో వారు ప్రతిపాదించిన గంగా కావేరీ సంధానము అట్టిది. పాట్నా సమీపమున గంగలో వరద పొంగు దినములలో 60,000 క్యూసెక్కుల నీటిని సుమారు 150 రోజులపాటు తోడి, 2,640 కిలోమీటర్ల కాలువతో దక్షిణమునకు తేవలెనని వారి తలంపు. నీటిని అంత ఎత్తునకు ఎక్కించుటకు కావలసిన విద్యుత్తు, అగు వ్యయము భరింపరానివని నిపుణులు తోసిపుచ్చినారు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అయినను ఆయన స్వప్నము సైతము అంకెలతోనే నిర్మితమైనది. దానిని కాదన్నవారును అంకెలతోనే కాదనవలసివచ్చినది. 1975లో భారతదేశ జలసంపదపై ఆయన వెలువరించిన గ్రంథము ఈ దృష్టికే ఫలము.

1986 మే 18వ తేదీన రావుగారు కన్నుమూసినారు. నాగార్జునసాగరమునకు దిగువను, 45.77 టి.ఎం.సి.ల నీరు పట్టు పులిచింతల జలాశయమునకు వారి పేరు పెట్టినారు. అచ్చట నిలిచిన నీరు డెల్టాకు అక్కరకు వచ్చిన కొలది, సాగరముమీద ఆ భారము తగ్గును. అది మెట్టరైతుకును మేలే.

నేడు దర్శి రైతు చదువు లెక్క చిన్నదే. సాగరము నిండుమట్టము 590 అడుగులు. కాలువలకు నీరు తీయదగిన కనీసమట్టము 510 అడుగులు. ఆ రెండింటి నడుమ అంకె ఎచ్చట నిలిచినదో చూచి మిరపనారు పోయవలెనా, పత్తి విత్తవలెనా, కందితో సరిపెట్టవలెనా యని నిశ్చయించుకొనును. కుడికాలువ 11,000 క్యూసెక్కులతో దినమంతయు నిండుగా పారిన, అది ఇంచుమించు ఒక టి.ఎం.సి. అగును. ఆ కాలువకు ఉద్దేశించిన 132 టి.ఎం.సి.లు ఆ లెక్కన సుమారు 140 దినముల పారుదల మాత్రమే. ఎగువన ఒక తూమువద్ద లెక్క తప్పిన, మిరప పూతకు వచ్చిన వేళ చివరి పొలమునకు తడి అందదు. వేసవిలో ఊరిచెరువు నిండదు, మరల ఫ్లోరైడు నీరే గతియగును. కాలువగట్టున లస్కరు గేజి చూచి పుస్తకములో ఎక్కించు అంకె నిజమైనదిగా ఉన్నంతవరకే చివరి ఆయకట్టు రైతు తన నీటిని హక్కుగా అడుగగలడు. అది తప్పినచో వానికి మిగులునది ప్రార్థన మాత్రమే.