సాలీడు ముందు లాంతరు పట్టుకున్న మాస్టారు

దక్షిణ ఫ్రాన్స్‌లో సాన్ లెయోన్స్ అనే కొండపల్లె. అక్కడ బడి అంటే ఒకే గది. మాస్టారి వంటిల్లూ అదే, పడకగదీ అదే. పాఠం నడుస్తుండగానే కోళ్లు, పందిపిల్లలు లోపలికి వచ్చేసేవి. ఆ మాస్టారే ఊరికి మంగలి, చర్చిలో గంట కొట్టేదీ ఆయనే. 1823 డిసెంబరులో పుట్టిన ఝా ఆన్రీ ఫాబర్ చదువు అక్కడ మొదలైంది. అయితే అక్షరాలు ఒంటబట్టింది ఆ గదిలో కాదు. తండ్రి పట్నం నుంచి తెచ్చిన జంతువుల బొమ్మల కాగితంలో, ఒక్కో బొమ్మ పక్కన ఒక్కో అక్షరం చూసుకుంటూ నేర్చుకున్నారు.

వాళ్ల ఊరి భాష ఫ్రెంచి కాదు, ఆక్సిటన్. బడిలో చదవాల్సింది ఫ్రెంచి. హోసూరులోనో, బళ్లారిలోనో, రాయగడలోనో పాఠం చెప్పే మాకు, ఊళ్లో ఒక భాష, బడిలో ఒక భాష అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంట్లో పేదరికం. కుర్రవాడు సంతలో నిమ్మకాయలు అమ్ముకున్నాడు. పోటీ పరీక్షలో నెగ్గి, ఉపకార వేతనంతో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు. 1842లో, ఇరవై ఏళ్లు నిండకుండానే కార్పాంత్రాలో బడిపంతులు అయ్యాడు. అక్కడ ఒకరోజు పొలం కొలతల పాఠం కోసం పిల్లల్ని రాళ్ల బీడులోకి తీసుకెళ్లారు. గడకర్రలు పాతమంటే పిల్లలు ఎక్కడికక్కడ వంగిపోయి గడ్డిపరకలు చప్పరిస్తున్నారు. సంగతేమిటని చూస్తే, గులకరాళ్ల మీద ఓ రకం తేనెటీగ కట్టిన మట్టిగూళ్లు, వాటిలో తేనె! కొలతలు పక్కనపెట్టి మాస్టారు కూడా పిల్లలతో కలిసిపోయారు. ఆ తర్వాత పురుగుల గురించిన పుస్తకం ఒకటి కొన్నారు. దాని వెల ఆయన నెల జీతం.

తర్వాత కోర్సికా ద్వీపంలో, అవిన్యోన్‌లో పనిచేశారు. అవిన్యోన్‌లో సాయంత్రం తరగతులు పెట్టి, ఆడపిల్లలకు కూడా విజ్ఞానశాస్త్రం చెప్పారు. పువ్వులో ఫలదీకరణ ఎలా జరుగుతుందో వివరించినందుకు ఊళ్లో పెద్దమనుషులు గోల చేశారు. ఇంటివాళ్లు ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఉద్యోగం వదులుకోక తప్పలేదు. భార్య, పిల్లలు, చేతిలో చిల్లిగవ్వ లేదు. అప్పుడు ఆదుకున్నది ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. 3000 ఫ్రాంకులు చేబదులిచ్చారు, కాగితమూ పత్రమూ లేకుండా. ఫాబర్ బడిపిల్లల కోసం పుస్తకాలు రాసి ఆ బాకీ తీర్చారు. మనం ఆయన్ని పురుగుల శాస్త్రవేత్తగానే గుర్తుపెట్టుకున్నాం గానీ, ఏళ్ల తరబడి కుటుంబానికి అన్నం పెట్టినవి ఆ పాఠ్యపుస్తకాలే.

1877లో కొడుకు జూల్ చనిపోయాడు. పురుగుల వేటలో తండ్రికి కుడిభుజంలాంటి పిల్లవాడు. 1879లో ఫాబర్ సెరిన్యాన్ ఊరి పక్కన రాళ్లూ ముళ్లూ నిండిన బీడు ఒకటి కొనుక్కున్నారు. అలాంటి నేలను అక్కడి ప్రొవాన్సల్ భాషలో హర్మాస్ అంటారు. తన ఇంటి పేరూ అదే. పది సంపుటాల పురుగుల జ్ఞాపకాల్లో మొదటిది ఆ ఏడాదే వచ్చింది, చివరిది 1907లో.

సాలీళ్ల పరిశీలనలు ఆ ఇంటి పెరట్లో చేసినవే. వేసవి రాత్రుల్లో లాంతరు పట్టుకుని, ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని, చక్రంలాంటి గూడు అల్లే పెద్ద సాలీళ్ల ముందు కూర్చునేవారు. ముందు చట్రం, తర్వాత బండిచక్రం ఆకుల్లా పొడి దారాలు, ఆపైన చుట్లుచుట్లుగా జిగురు దారం. మరి ఆ జిగురుకు మిడత అంటుకుంటే, సాలీడు కాలు ఎందుకు అంటుకోదు?

బతికున్న సాలీడు కాలు తీసి జిగురు దారానికి తాకించారు. అంటుకోలేదు. అదే కాలును కార్బన్ డైసల్ఫైడ్‌లో నానబెట్టి కడిగారు. అది నూనెను కరిగించే ద్రవం. ఈసారి అంటుకుంది. గడ్డిపోచకు నూనె రాసి చూశారు, అంటుకోలేదు. పనసకాయ కోసేముందు మన ఇళ్లలో చేతికి నూనె రాసుకోవడం లేదూ, అదే కిటుకు. కాలి మీది సన్నని వెంట్రుకలు, కాలు మెల్లగా తీసే తీరు కూడా సాయపడతాయని తర్వాతివాళ్లు కనిపెట్టారు.

చచ్చిన మిడతను మెల్లగా గూట్లో పెట్టారు. సాలీడు కదల్లేదు. గడ్డిపరకతో కాస్త కదిపితే పరుగున వచ్చింది. ఎర్ర ఉన్ని ఉండ పెట్టి కదిపినా అలాగే వచ్చింది, ఆ తర్వాతే మోసం తెలుసుకుంది. చూపు కాదు, అదురు ముఖ్యమన్నమాట. ఆకుల చాటున దాక్కునే సాలీడుకు గూడు నడిమి నుంచి ఒక దారం ఉంటుంది. దాన్ని కత్తెరతో తెంపేసి, గూట్లో బతికున్న మిడతను వేశారు. గూడంతా ఊగిపోతున్నా పైన ఉన్న సాలీడుకు కబురందలేదు.

ఫాబర్ చెప్పినవన్నీ నిలబడలేదు. జిగురు దారం బోలుగొట్టమని, లోపల జిగురు నిండి ఉందని ఆయన అనుకున్నారు. నిజానికి దారం మీద జిగురు పూసల్లా బొట్లుగా ఉంటుంది. ఆ దారం తన పొడవుకు రెట్టింపు పైగా సాగుతుంది. చట్రం దారం సంగతి వేరు, అదే బరువున్న ఉక్కు తీగకన్నా గట్టిది. ఒకటి బరువు మోస్తుంది, ఒకటి దెబ్బను మింగుతుంది. ఎగిరివచ్చి పడిన మిడతకు గూడు చిరగకపోవడానికి రెండూ కావాలి. జీవపరిణామాన్ని కూడా ఫాబర్ చివరిదాకా ఒప్పుకోలేదు. అది ఆయన పొరపాటేనని మా అభిప్రాయం. ఆయన చూపును మెచ్చుకున్నవాళ్లలో డార్విన్ ముందుంటారు, అది మరో విశేషం.

ఆయన ప్రొవాన్సల్‌లో పద్యాలు కూడా రాశారు. ముసలితనంలో మళ్లీ పేదరికం చుట్టుముడితే ఆయన కోసం గొంతెత్తినవాళ్లలో ఆ భాష మహాకవి, నోబెల్ గ్రహీత మిస్ట్రాల్ ఒకరు. 1910లో సెరిన్యాన్‌లో సన్మానం జరిగింది. అప్పటికి ఆయనకు ఎనభై ఆరేళ్లు, చూపు మందగించింది. 1915 అక్టోబరులో అక్కడే కన్నుమూశారు. హర్మాస్ ఇప్పుడు మ్యూజియం.

ఫాబర్ చూసిన చారల సాలీడుకు మన దగ్గర చుట్టముంది. ఒళ్లంతా పసుపు గోధుమ చారలు, కాళ్లు రెండేసి జతచేసి గూడు నడిమిన ఇంటూ గుర్తులా తలకిందులుగా ఉంటుంది. చుట్టూ తెల్లటి వంకర పట్టీలు అల్లుకుంటుంది. వానలు వెనకబట్టాక బడి కంచె మీద, పొద్దున మంచు ఆరకముందు వెతకండి. చేత్తో తాకొద్దు, ఒక గడ్డిపరక చాలు.